కమ్మరి రాజు ఓడిపోయిన దేశం

ఆఫ్రికా వరుసలో ఇది నాలుగో భాగం. ఇవాళ మాలీ దేశం. కొంచెం పొడుగైంది, టీ పెట్టుకుని కూర్చోండి.

పోయిన వారం మా డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. "ప్రపంచ చరిత్రలో అందరికన్నా ధనవంతుడు ఒక నల్లవాడు" అని దాని పేరు. మాలీ చక్రవర్తి మాన్సా మూసా 1324లో మక్కా యాత్రకు పోతూ కైరోలో పంచిపెట్టిన బంగారానికి అక్కడ బంగారం ధరే పడిపోయిందని చెప్తారు అందులో. పిల్లలు వరసబెట్టి పిడికిళ్ళు, నీలి గుండెలు పెట్టారు. నాకూ ఛాతీ పొంగింది, అబద్ధమెందుకు. నల్లవాళ్ళకు చరిత్రే లేదని స్కూలు పుస్తకాల దగ్గర్నుంచి వింటూ పెరిగినవాళ్ళం. అటువంటి మాటకు చెంపదెబ్బలాగా ఉంటుంది ఆ కథ.

వీడియోలో చెప్పింది అబద్ధం కూడా కాదు. మూసా వెళ్ళిపోయిన పన్నెండేళ్ళకు కూడా కైరో బంగారం ధర కోలుకోలేదని అల్ ఉమరీ రాశాడు. 1375లో గీసిన కాటలాన్ అట్లాసులో చేతిలో బంగారు ముద్దతో సింహాసనం మీద కూర్చున్న మూసా బొమ్మ ఉంది. అయితే ఆ వీడియోలో ఒక దృశ్యం నన్ను పట్టుకుంది. చక్రవర్తి గుర్రం ముందు అయిదు వందల మంది బంగారు కర్రలు పట్టుకుని నడుస్తుంటారు. ఇది టింబక్టులో రాసిన పాత చరిత్ర 'తారీఖ్ అల్ సూడాన్'లో ఉన్న ముచ్చటే. ఆ అయిదు వందల మందీ బానిసలని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. వీడియో చేసినవాళ్ళు కర్రల బరువు చెప్పారు. పట్టుకున్నవాళ్ళ గురించి చెప్పలేదు.

మరునాడు క్లాసులో ఆ పిల్లాడినే అడిగాను. "అంత బంగారం తవ్విందెవరు నాన్నా?" అని. వాడు నవ్వేసి "మీరు ఏదైనా అక్కడికే తెస్తారు మేడమ్" అన్నాడు. అవును, అక్కడికే తెస్తాను. ఈ వ్యాసం వాడి కోసమే.

ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం. మాలీకి సముద్రం లేదు. చుట్టూ ఏడు దేశాలు. విస్తీర్ణం 12.4 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి నాలుగున్నర రెట్లు. జనం మాత్రం రెండు కోట్ల పైచిలుకు, ఒక్క తెలంగాణ కంటే తక్కువ. ఎందుకంటే పైభాగమంతా సహారా ఎడారి. బతుకంతా కింద, నైజర్ నది వెంబడి ఉంది. ఈ నది నడక విచిత్రంగా ఉంటుంది. అట్లాంటిక్ సముద్రానికి రెండు వందల యాభై కిలోమీటర్ల లోపే గినీ కొండల్లో పుడుతుంది. పక్కనే ఉన్న సముద్రాన్ని వదిలేసి ఈశాన్యంగా ఎడారిలోకి నడుస్తుంది. టింబక్టు దాకా పోయి, వంకర తిరిగి, ఎక్కడో నైజీరియాలో సముద్రంలో కలుస్తుంది. మొత్తం 4,180 కిలోమీటర్లు. మాలీ నడుమ ఈ నది పాయలు పాయలుగా విడిపోయి ఏటా పెద్ద మడుగులా పరుచుకుంటుంది. ఆ నీళ్ళలో బోజోలు చేపలు పడతారు, నీళ్ళు తీశాక అదే నేల మీదికి ఫులానీలు పశువుల్ని తోలుకొస్తారు, వరి పండించేవాళ్ళు వరి పండిస్తారు. జెన్నేలో మట్టితో కట్టిన పెద్ద మసీదు అక్కడే ఉంది. ఏటా ఊరంతా కలిసి దానికి మళ్ళీ మట్టి మెత్తుతారు. మన అమ్మమ్మలు పండక్కి గోడలు అలికినట్టే.

దక్షిణాన బంగారం ఉంది, ఉప్పు లేదు. ఉత్తరాన ఎడారిలో ఉప్పు ఉంది, ఇంకేమీ లేదు. ఈ రెంటి మధ్య నడిచిన వ్యాపారం మీద పన్ను వేసి బతికినవే పాత సామ్రాజ్యాలన్నీ: మొదట ఘనా (ఇప్పటి ఘనా దేశం వేరు), తర్వాత మాలీ, ఆ తర్వాత సోంఘై. 1591లో మొరాకో సైన్యం తుపాకులతో వచ్చి సోంఘైని కూల్చింది. రాజుల వరస ఇంతటితో చాలు.

ఉప్పు సంగతి మాత్రం చెప్పాలి. 1352లో ఇబ్న్ బతూతా ఉత్తర మాలీలోని తఘాజా అనే ఊళ్ళో ఆగాడు. ఇళ్ళ గోడలు ఉప్పు దిమ్మెలతో, కప్పులు ఒంటె తోళ్ళతో. చెట్టన్నది లేదు. మస్సూఫా తెగవాళ్ళ బానిసలు తప్ప ఆ ఊళ్ళో ఎవరూ ఉండరనీ, ఉప్పు తవ్వేది వాళ్ళేననీ రాశాడు. ఎక్కడి నుంచో వచ్చే ఖర్జూరం, ఒంటె మాంసం, జొన్నలు వాళ్ళ తిండి. అవి రావడం ఆగితే? ఆయన మాలీ రాజ్యంలో న్యాయం బాగుందని, దొంగల భయం లేదని కూడా మెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆయన వెళ్ళిన బిడారులో ఆరు వందల మంది బానిస స్త్రీలు ఉన్నారు. అదీ ఆయనే రాశాడు. పెద్దగా పట్టించుకోకుండా రాశాడు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను.

మాలీలో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరు. బంబారా భాషలో 'జాము' అంటారు. కెయితా అంటే రాజుల వంశం. కులిబాలీ అంటే సెగూ రాజ్యం ఏలినవాళ్ళు. కుయాతే, జబాతే అంటే పాడేవాళ్ళు. కాంతే, బాలో, ఫానే అంటే కమ్మరులు. పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు ఆ పేరును పొగుడుతారు, సరసాలాడతారు. కులిబాలీ కనబడితే "బొబ్బర్లు తినేవాడా" అని ఎగతాళి చేస్తారు, వాళ్ళూ తిరిగి అంటారు. చదువుతుంటే ముచ్చటేసింది. ఆ వెంటనే నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం గుర్తొచ్చింది. స్టాఫ్ రూములో ఒక సీనియర్ టీ ఊదుకుంటూ "ఇంటిపేరేంటమ్మా?" అన్నారు. చెప్పాను. తేలలేదు. "ఏ ఊరు?" చెప్పాను. "ఊళ్ళో ఎటు వైపు?" అన్నారు. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పాక ఆయన మళ్ళీ నాతో టీ తాగలేదు.

మాండే సమాజంలో పాతకాలం నుంచి మూడు మెట్లున్నాయి. 'హొరోన్' అంటే స్వతంత్రులు, వ్యవసాయం చేసేవాళ్ళు, ఏలేవాళ్ళు. 'న్యామకాల' అంటే చేతిపనుల వాళ్ళు. 'జోన్' అంటే బానిసలు. న్యామకాలలో నుములు ఇనుము కరిగిస్తారు, కొయ్య చెక్కుతారు, వాళ్ళ ఆడవాళ్ళు కుండలు చేస్తారు. గరాంకేలు తోలు పని చేస్తారు. జెలీలు పాడతారు, వంశాల కథలు చెప్తారు. వీళ్ళనే ఫ్రెంచివాళ్ళు గ్రియోలన్నారు. పని తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. హొరోన్లు న్యామకాలను పెళ్ళాడరు. న్యామకాలవాళ్ళు రాజులు కారు.

గరాంకేల గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఆ దేశాల్లో తోలు ఊనడానికి వాడేది నల్లతుమ్మ కాయ. మా తాత లంద దగ్గర కూర్చుని తుమ్మచెక్క, తంగేడుచెక్క దంచేవాడని మా నాన్న చెప్పేవాడు. ఆరె, రంపె ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. వేల మైళ్ళ అవతల ఇంకొక తాత అదే చెట్టు కాయ దంచుకుంటూ కూర్చున్నాడన్నమాట.

కానీ తొందరపడి "అక్కడ కూడా మనలాగే" అనకండి. పోలికలు తీయడం పరిశోధకులకు జబ్బు, నాకూ ఉంది. అక్కడ కమ్మరిని ముట్టుకుంటే మైలపడరు. ఊరి బయట ఉంచరు. పైగా భయపడతారు. 'న్యామ' అంటే ప్రతి వస్తువులోనూ ఉండే శక్తి అట, ఇనుము కరిగించేవాడు దాన్ని అదుపు చేయగలడని నమ్మకం. జెలి రాజు ముఖం మీద ఎవరూ అనలేని మాట అనగలడు, పెళ్ళిళ్ళు కుదురుస్తాడు, తగాదాలు తీరుస్తాడు. అంటరానితనం అక్కడ లేదు. పుట్టుకతో పని, పుట్టుకతో పెళ్ళి, పుట్టుకతో హోదా ఉన్నాయి. వీటిని కులం అనొచ్చా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కొందరు ఆ మాటే వద్దంటారు. టాల్ టమారి అనే పరిశోధకులు 1991లో ఒక పెద్ద వ్యాసం రాసి, కులాలు అనే అన్నారు. అంతేకాదు, ఇవి అనాదిగా లేవనీ, మాండే జనంలో 1300 నాటికి ఏర్పడ్డాయనీ, వాటి పుట్టుకకు ఒక యుద్ధంతో సంబంధం ఉందనీ వాదించారు.

ఆ యుద్ధం కథే సుంజాతా పురాణం. మాలీకి మన పల్నాటి వీరచరిత్ర లాంటిది అనుకోండి, కాకపోతే ఒక సామ్రాజ్యం పుట్టుక కథ. జెలీలు ఎనిమిది వందల ఏళ్ళుగా నోటితో మోసుకొచ్చారు. 1960లో గినీ చరిత్రకారుడు నియానె ఒక జెలి చెప్పగా విని ఫ్రెంచిలో రాశాక లోకానికి తెలిసింది.

కథ ఇదీ. సుంజాతా కెయితా గూనితల్లి సోగొలోన్‌కు పుట్టిన కొడుకు, ఏళ్ళు వచ్చినా నడవలేడు. సవతితల్లి ఎగతాళికి తల్లి ఏడుస్తుంటే, కమ్మరులు కాచిన పెద్ద ఇనుప కడ్డీ తెప్పించుకుని, దాన్ని పట్టుకుని లేస్తాడు. కడ్డీ విల్లులా వంగిపోతుంది. దేశం విడిచి తిరుగుతాడు. ఈలోగా సోసో రాజు సుమావొరో కాంతే మాండే దేశాన్ని ఆక్రమిస్తాడు. సుంజాతా తిరిగొచ్చి 1235 ప్రాంతంలో కిరినా దగ్గర అతన్ని ఓడిస్తాడు. తెల్ల కోడిపుంజు కాలిముల్లు కట్టిన బాణం తగిలి సుమావొరో శక్తి పోతుంది. కూలికొరో కొండ గుహలోకి పోయి మాయమైపోతాడు.

సుమావొరో కాంతే. ఇంటిపేరు చూశారా? కమ్మరి.

పురాణంలో అతను రాక్షసుడు. మంత్రగాడు. ఓడించిన తొమ్మిదిమంది రాజుల తోళ్ళ మీద కూర్చుంటాడు. మేనల్లుడి పెళ్ళాన్ని లాక్కుంటాడు. మనకు ఇటువంటి బొమ్మలు తెలుసు. ఓడిపోయినవాడికి కోరలెలా మొలుస్తాయో ఫూలే 1873లోనే 'గులాంగిరీ'లో విప్పి చెప్పాడు, బలి చక్రవర్తి కథ పట్టుకుని. (ఆ పుస్తకాన్ని ఆయన నల్లజాతి బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడని మన పిల్లలందరికీ తెలియాలి.) అయితే కిరినా ఊరికే చెందిన వా కమిస్సోకో అనే జెలి ఉన్నాడు. 1970లలో ఆయన చెప్పగా రికార్డు చేసిన కథనంలో సుమావొరో వేరే మనిషి. మాండే జనాన్ని పట్టి ఎడారి వ్యాపారులకు అమ్మే బానిస వ్యాపారాన్ని ఆపాలని చూసినవాడు. మాండే రాజవంశాలవాళ్ళు కమ్మరివాడి సాయం మాకెందుకని అతన్ని కాదన్నారు.

ఏది నిజం? 13వ శతాబ్దపు రాజు మనసులో ఏముందో ఎవరూ తేల్చలేరు. ఒకే యుద్ధాన్ని ఒకే కులంవాళ్ళు రెండు రకాలుగా దాచి ఉంచారన్నది మాత్రం నిజం. గెలిచిన రాజు ఇంటి పాటగాళ్ళ నోటిలో కూడా ఓడినవాడి మాట మిగిలింది. ఇంకో సంగతి. సుంజాతా ఆస్థాన జెలి బల్లా ఫసేకే వాయించిన బాలాఫోన్ అసలు సుమావొరోది. అతను లేనప్పుడు రహస్య గదిలోకి దూరి బల్లా దాన్ని వాయించాడని కథ. 'సోసో బాలా' అనే ఆ వాయిద్యాన్ని గినీలోని నియగస్సోలా ఊళ్ళో కుయాతేలు ఈనాటికీ కాపాడుతున్నారు. కెయితాల కీర్తి పాడే వాద్యం కమ్మరి రాజు ఇంటిది.

నా పిహెచ్‌డి కుల పురాణాల మీద. మహబూబ్‌నగర్ వైపు ఒక దక్కలి తాత దగ్గర జాంబపురాణం రికార్డు చేసుకునేదాన్ని. ఆయన ఒళ్ళో కిన్నెర, గోడకు పటం. మాదిగలు ఈ భూమి మీద అందరికన్నా ముందు పుట్టినవాళ్ళని ఆయన గొంతెత్తి చెప్పేవాడు. ఆయన మాకు అంత గొప్ప పుట్టుక ఇచ్చాడు. మా వాళ్ళు ఆయనను గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కారు. నేను ఇంట్లోకి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే కూర్చున్నాడు, "నీకు తెల్వదు బిడ్డా" అన్నాడు. కంగాబాలో ఏడేళ్ళకోసారి కామాబ్లోన్ అనే పవిత్రమైన గుడిసెకు కొత్త కప్పు వేసే పండుగ జరుగుతుంది. కేలా ఊరి జబాతేలు ఆ రాత్రి లోపల కూర్చుని పురాణం చెప్తారు, రికార్డు చేయనివ్వరు. అది చదివినప్పుడు నాకు ఆ తాత వాకిట్లో కూర్చున్న దృశ్యమే కనపడింది. కథ వాళ్ళది. వంశం ఇంకొకరిది.

సోషల్ మీడియాలో ఇంకొక ముచ్చట తిరుగుతుంటుంది. సుంజాతా గెలిచాక కురుకాన్ ఫుగా మైదానంలో సభ పెట్టి ప్రపంచంలోనే మొదటి మానవ హక్కుల ప్రకటన చేశాడని. 2009లో యునెస్కో మాండే ప్రకటనను తన జాబితాలో చేర్చింది కూడా. పేరు చూసి పొంగిపోకుండా లోపలికి పోండి. ఇప్పుడు మనకు దొరికే నలభై నాలుగు అంశాల పాఠం 1998లో గినీలో జెలీల సమావేశంలో కూర్చినది. దాని మొదటి అంశమే సమాజాన్ని వంశాలుగా విభజిస్తుంది: అమ్ములపొది మోసేవాళ్ళు ఇందరు, మత గురువులు ఇందరు, న్యామకాల ఇందరు అని. బానిసల్ని హింసించొద్దు, వారానికో రోజు సెలవివ్వండి అంటుంది. బానిసత్వం వద్దని అనదు. వద్దని చెప్పేది ఇంకొక పాఠం, వేటగాళ్ళ ప్రమాణం. చాలామంది ఈ రెంటినీ కలిపేసి ఒకటిగా పంచుకుంటారు.

టింబక్టు గురించీ ఒక మాట. వేలాది రాతప్రతుల నగరం, 2012లో తీవ్రవాదుల నుంచి వాటిని పెట్టెల్లో దాటించి బమాకో చేర్చిన కథ అందరికీ తెలుసు. ఆ నగరపు మహాపండితుడు అహ్మద్ బాబా, మొరాకోవాళ్ళు సంకెళ్ళు వేసి తీసుకుపోయినవాడు, 1615లో బానిసత్వం మీద ఒక పుస్తకం రాశాడు. నల్లచర్మం ఉన్నంత మాత్రాన మనిషిని బానిస చేయకూడదని వాదించాడు. గొప్ప మాట. మరి ఎవరిని చేయొచ్చు? ముస్లిం కానివాణ్ణి పట్టుకుంటే చేయొచ్చు. పండితులు తలుపు మూసినట్టే మూసి ఎక్కడ సందు వదుల్తారో మనకు కొత్త కాదు.

సందు కోసం చూడకుండా నడిచిపోయినవాళ్ళ కథ చెప్తాను. నాకు మాలీ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన పుట ఇదే.

బమాకోకు ఈశాన్యంగా బనంబా అనే పట్నం ఉంది. 19వ శతాబ్దం చివర అక్కడి సోనింకే వ్యాపారులు వేలాది బానిసలతో జొన్న పండించి, నూలు గుడ్డ నేయించి, ఎడారివాళ్ళకు అమ్మేవాళ్ళు. ఆ బానిసల్లో చాలామంది దక్షిణాన వసులు ప్రాంతం వాళ్ళు. సమోరి తూరే యుద్ధాల్లో ఆ ప్రాంతం తగలబడి, మనుషులు సంతలో సరుకయ్యారు. ఫ్రెంచివాళ్ళు అప్పటికే ఏలుతున్నారు. నాగరికత తెచ్చామని చెప్పుకుంటూనే, వ్యాపారులతో గొడవెందుకని కళ్ళు మూసుకున్నారు. 1905లో బనంబా బానిసలు మూటలు కట్టుకుని లేచారు. యజమానులు ఆయుధాలు పట్టుకుని అడ్డం పడ్డారు. ఫ్రెంచి అధికారులు మధ్యలో దూరి, ఇకనుంచి తిండి సరిగా పెడతారు, ఉండండి అని రాజీ కుదిర్చారు. ఆ డిసెంబరులో మనుషుల్ని అమ్మడం, కొనడం నేరమని ఉత్తర్వు కూడా వచ్చింది. 1906లో వాళ్ళు మళ్ళీ లేచారు. ఈసారి ఎవరి మాటా వినలేదు. వేలమంది, పిల్లల్ని చంకనెత్తుకుని, వందల కిలోమీటర్లు దక్షిణానికి నడిచి వెళ్ళిపోయారు. నాయకుడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అది చూసి చుట్టుపక్కల పట్నాల బానిసలూ కదిలారు. ఫ్రెంచి ప్రభుత్వం బానిసల్ని విడిపించిందని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. అంతకన్నా ముందు కాళ్ళు విడిపించాయి.

ఆ వసులుకు తిరిగొచ్చినవాళ్ళ మునిమనవలు ఏం చేశారో తెలుసా? పాడారు. అక్కడ జెలీల పట్టు తక్కువ. పాడాలనుకున్నవాళ్ళు పాడతారు, వాళ్ళను 'కొనో', అంటే పిట్టలంటారు. వేటగాళ్ళ పవిత్ర వీణను పోలిన చిన్న వాయిద్యం ఒకటి కుర్రాళ్ళు తయారు చేసుకుని 'కుర్రవాళ్ళ వీణ' అని పేరు పెట్టారు, పెద్దవాళ్ళు ఎంత గింజుకున్నా. వసులు తల్లిదండ్రులకు పుట్టిన ఊమూ సంగారే మొదటి ఆల్బం పేరు 'ముసోలూ', ఆడవాళ్ళు అని అర్థం. బలవంతపు పెళ్ళిళ్ళ మీద, నలుగురు పెళ్ళాల మొగుళ్ళ మీద పాడింది. రాజుల్ని పొగడాల్సిన పని ఆ పిట్టలకు లేదు.

అవతలి గట్టున సలీఫ్ కెయితా ఉన్నాడు. 1949లో జోలిబాలో పుట్టాడు. ఇంటిపేరు చూస్తేనే రాజవంశం. కెయితాను పొగుడుతూ పాడాలి గానీ కెయితా పాడకూడదు. పైగా ఆల్బినోగా పుట్టాడు, తెల్లచర్మం అపశకునమని జనం నమ్మే చోట. టీచరు కావాలనుకుంటే చూపు సరిగా లేదని కాదన్నారు. ఇల్లు వదిలి బమాకో పోయి, రైల్వే స్టేషన్ హోటల్లో వాయించే రైల్ బ్యాండులో చేరాడు. పాడటం పరువుతక్కువని ఇంట్లోవాళ్ళు కుమిలిపోయారు. రాజు కులంవాడు పాటగాడి పని చేస్తే అది తిరుగుబాటు, వార్త. కాంతే ఇంటివాడు రాజ్యం చేస్తే? అది ఎనిమిది వందల ఏళ్ళ కింద చూశాం. అయినా అదే ఇంటిపేరున్న సొలొమానా కాంతే అనే గినీ మనిషి 1949లో మాండే భాషలకు 'న్‌కో' అనే సొంత లిపి తయారు చేశాడు. 'న్‌కో' అంటే "నేను చెప్తున్నాను". తెలుగు మాస్టరుగా నాకు ఆ పేరు చాలా నచ్చింది.

మిగిలిన చరిత్ర త్వరగా చెప్పేస్తాను. ఫ్రెంచి పాలనలో ఆ దేశం పేరు ఫ్రెంచి సూడాన్. 1932లో పెట్టిన ఆఫీస్ దు నైజర్ అనే సంస్థ నది కాలువల కింద పత్తి, వరి పండించడానికి జనాన్ని బలవంతంగా తోలుకొచ్చింది. వెట్టిచాకిరీ చట్టంలో 1946 దాకా ఉంది. 1960 సెప్టెంబరు 22న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పాత సామ్రాజ్యం పేరే పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు మొదీబో కెయితా, మళ్ళీ కెయితానే. 1968లో సైన్యం దించేసింది. 1991లో విద్యార్థులు, ఆడవాళ్ళు వీధిలోకొచ్చి తుపాకులకు ఎదురు నిలబడి మూసా త్రవోరే నియంతృత్వాన్ని కూల్చారు. 2012 నుంచి ఉత్తరాన యుద్ధం, 2020లో, 2021లో సైనిక కుట్రలు. ఇప్పుడున్నది సైనిక ప్రభుత్వం. 2022లో ఫ్రెంచి సైన్యాన్ని పంపించేశారు, రష్యావాళ్ళను తెచ్చుకున్నారు. 2023 రాజ్యాంగంలో ఫ్రెంచిని అధికార భాష హోదా నుంచి తీసేసి, పదమూడు సొంత భాషలకు ఆ హోదా ఇచ్చారు. సైనికుల మీద నాకు ఏ ప్రేమా లేదు, ఈ ఒక్క పనికి మాత్రం తలూపాను.

ఎగుమతుల్లో సింహభాగం ఇప్పటికీ బంగారమే. తర్వాత పత్తి. సదియోలా, లూలో గనులు పడమటి కొసన కాయ్ ప్రాంతంలో ఉన్నాయి. ఆ పక్కనే చేత్తో తవ్వుకునే గుంతలు. మగవాళ్ళు లోపల తవ్వుతారు, ఆడవాళ్ళు మట్టి మోసి కడుగుతారు. ఫ్రాన్సులో ఊడ్చి, కడిగి, వంట చేసి డబ్బు పంపే సోనింకే కుర్రాళ్ళలో ఎక్కువమంది కాయ్ నుంచి పోయినవాళ్ళే. బంగారమూ, మనుషులూ అక్కడి నుంచే బయటికి పోతాయి.

బానిసత్వం ఇంకా మిగిలి ఉన్న చోట్లలో అదీ ఒకటి. పుట్టుకతో వచ్చే బానిసత్వం. ఇప్పుడెవరూ సంతలో అమ్మరు. కానీ మీ తాత మా తాతకు బానిస కాబట్టి నువ్వూ బానిసవే అంటారు. పెద్దింటి పెళ్ళిలో మేక కోయాలి, వంట చేయాలి. ఊళ్ళో ఇమాం కాలేడు. కూతురి పెళ్ళికి దొర మాట కావాలి. 2017 ప్రాంతంలో ఫ్రాన్సులో, ఇతర దేశాల్లో ఉన్న సోనింకే యువకులు 'గంబానా' అనే ఉద్యమం లేపారు. సోనింకేలో సమానత్వం అని అర్థం. అది పెరిగింది కూడా వాట్సాప్ ఆడియోల మీదే. "ఆ పేరుతో పిలిస్తే పలకం" అన్నారు. దానికి ఊళ్ళు ఏం చేశాయో మీకు చెప్పనక్కరలేదు. బోరింగు దగ్గర నీళ్ళు బందు. దుకాణంలో సరుకు బందు. పొలం లాగేసుకున్నారు. చుండూరులో 1991 ఆగస్టుకు ముందు ఏం జరిగిందో తెలిసినవాళ్ళం కదా. వేలమంది ఊళ్ళు విడిచిపోయారు. 2020 సెప్టెంబరులో కాయ్ ప్రాంతంలోని ఒక ఊళ్ళో నలుగురు ఉద్యమకారుల్ని కొట్టి చంపారు. ఎనిమిది లక్షల మందిని పుట్టు బానిసలుగా చూస్తున్నారనీ, అందులో సుమారు రెండు లక్షల మంది నేరుగా యజమానుల చెప్పుచేతల్లో ఉన్నారనీ హక్కుల సంఘాల అంచనా, ఐక్యరాజ్యసమితి నిపుణులు 2023లో దాన్ని బయటపెట్టారు.

ఇక్కడ మనకూ వాళ్ళకూ ఒక అసలైన ముడి ఉంది, ఊహించి కట్టింది కాదు. 1965లో జాతి వివక్ష మీద అంతర్జాతీయ ఒప్పందం రాస్తున్నప్పుడు, రంగు, జాతితో పాటు 'పుట్టిన వంశం' అనే మాట చేర్చమన్నది భారత ప్రభుత్వమే. 2001లో దర్బన్ సదస్సుకు దళితులు వెళ్ళి మా కులం సంగతి కూడా రాయండంటే, అదే ప్రభుత్వం అడ్డుపడింది. అంతిమ ప్రకటనలో కులం అనే మాట రాలేదు. కానీ దళితులు ఆ గుమ్మం దగ్గర పెట్టిన గొడవ ఊరికే పోలేదు. మరుసటి ఏడాది, 2002లో, ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 'వంశం' అంటే కులమూ, కులం వంటి పుట్టుక హోదాలూ అని తేల్చి చెప్పింది. పని, పుట్టుకల ఆధారంగా జరిగే వివక్ష మీద తర్వాత జరిగిన అధ్యయనాల్లో పశ్చిమ ఆఫ్రికా కమ్మరులూ, జెలీలూ, బానిస వంశాలూ చేరాయి. దర్బన్‌లో నినాదాలిచ్చిన మన అన్నలకు, అక్కలకు కాయ్ ఎక్కడుందో తెలిసి ఉండదు.

మాలీలో బానిసత్వాన్ని నేరమని పేరుపెట్టి శిక్షించే చట్టం చాలా కాలం లేనే లేదు. 1905లో వచ్చిన ఉత్తర్వు మనుషుల్ని అమ్మడం, కొనడం మీద మాత్రమే. కేసు పెడితే కొట్లాట అనో, ఆస్తి నష్టం అనో రాసుకునేవారు. మన దగ్గర అట్రాసిటీ సెక్షన్లు తీసేసి మామూలు గొడవగా ఎఫ్ఐఆర్ రాసినట్టు. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో మొదటిసారి బానిసత్వం నేరంగా చేరింది. అమలు చేయాల్సిన పోలీసులూ, కోర్టులూ ఉన్న అదే కాయ్ వైపు 2025 సెప్టెంబరు నుంచి సాయుధ ముఠాలు రోడ్ల మీద పెట్రోలు ట్యాంకర్లను తగలబెట్టాయి. బమాకోలో బంకుల ముందు వరసలు, బడులు కొన్నాళ్ళు మూత. ఊళ్ళు విడిచిపోయిన కుటుంబాల్లో ఎంతోమంది తమ పొలం దగ్గరికి ఇంకా తిరిగి వెళ్ళలేదు.

నిన్న ఆ పిల్లాడు మళ్ళీ వచ్చాడు. "మేడమ్, గుహలోకి పోయిన ఆ కమ్మరి రాజు మీద వీడియో ఏమైనా ఉందా?" అన్నాడు. తెలుగులో లేదు, నువ్వే చెయ్యి అన్నాను. చేస్తే ఇక్కడే పెడతాను.

వచ్చే ఆదివారం పక్కదేశం మౌరిటానియా, హరాటిన్ల కథ.